గాజు గ్లాసులో నీళ్ళు

రంగుల ఫ్యాక్టరీలో ఈ వారం ఏ రంగు అద్దుతున్నారో మా వీధి ఆడవాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున బోరు నీళ్ళు బకెట్లో పట్టి తెల్ల బట్ట ఒకటి ముంచితే చాలు. గులాబీ వారం, నీలం వారం, ఒక్కోసారి పేరు పెట్టలేని బూడిద రంగు వారం. మా ఆయనకున్న చొక్కాలన్నీ ఒకప్పుడు తెల్లవే. ఇప్పుడు ఒకటి లేత నీలం, ఒకటి లేత గులాబీ, ఇంకొకటి ఆ రెండు రంగులూ పోట్లాడుకుని రాజీపడ్డట్టుగా ఉంటుంది. "మసీదులో పాఠాలు చెప్పుకునే మనిషికి ఇంత షోకేమిటండీ" అని వెక్కిరించేదాన్ని. ఆయన నవ్వేవాడు. అప్పట్లో నవ్వేవాడు.

మా ఆయన మసీదులో నమాజు చేయిస్తాడు, సాయంత్రం పూట పైగదిలో వీధి పిల్లలకి దీన్, అంటే మతధర్మం, పాఠాలు చెబుతాడు. అందరూ ఆయన్ని హజ్రత్ అంటారు. నేను ఒక్కదాన్నే ఏమండీ అంటాను, కోపమొస్తే అదీ అనను. మసీదు వెనక కమిటీవాళ్ళు ఇచ్చిన రెండు గదులే మా ఇల్లు. వంటింటి కిటికీ తెరిస్తే మసీదు వాకిలి, వాకిలి పక్కన వుజూ కుళాయిలు. నమాజుకు ముందు మగవాళ్ళంతా అక్కడి రాతి పీటల మీద కూర్చుని చేతులూ ముఖమూ కాళ్ళూ కడుక్కుంటారు. ఎవరు శ్రద్ధగా కడుక్కుంటారో, ఎవరు కాకి స్నానం చేసి లేస్తారో నాకు తెలిసినంతగా ఆ దేవుడికే తెలియాలి.

మాకు ఒక్కతే కూతురు. దాని అసలు పేరు బళ్ళో హాజరు పిలవడానికి తప్ప ఎందుకూ పనికిరాలేదు. అందరూ దాన్ని 'అయితే' అని పిలుస్తారు. నోరు తెరిస్తే మొదటి మాట అదే. అయితే నాన్నా, చీమలకి కూడా స్వర్గం ఉంటుందా? అయితే అమ్మా, నువ్వు అబద్ధం ఆడావు కదా, ఇప్పుడు తప్పు ఒప్పుకుని తౌబా చేస్తావా? మాటకు మాట ముడేసి, చివరికి మనమే ఎక్కడో చిక్కుకునేదాకా వదలదు. నాకు విసుగొచ్చేది. మా ఆయనకి మాత్రం అదొక పండగ. ఎంత అలసిపోయి వచ్చినా దాన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అడుగు తల్లీ" అనేవాడు. తెలియకపోతే తెలియదనేవాడు. పిల్లకి అబద్ధం మాత్రం చెప్పడు. ఆ ఒక్క విషయంలో మా ఆయన మీద నాకు గర్వంగా ఉండేది.

ఇక రంగులాయన. ఫ్యాక్టరీ ఆయనదే, మసీదు కమిటీకి పెద్దా ఆయనే. వుజూ కుళాయిల దగ్గర ఆ నున్నటి రాళ్ళు వేయించింది ఆయన, పైన నీళ్ళ ట్యాంకు కట్టించింది ఆయన. వీధిలో సగం ఇళ్ళు ఆయన జీతం మీదే నడుస్తాయి. మా తమ్ముడిదీ అక్కడే పని. రంగు తొట్టెల దగ్గర. వాడి చేతులు మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగులో ఉంటాయి, అన్నం తినేటప్పుడు చూస్తే నాకు ముద్ద దిగదు. రంగులాయన చెడ్డమనిషని నేను చెప్పబోవడం లేదు. గొంతెత్తి మాట్లాడగా ఎవరూ వినలేదు. ఎదురొస్తే తల వంచుకుని "బాగున్నావా అమ్మా" అని పక్కకి తప్పుకుంటాడు. చెడ్డమనిషే అయ్యుంటే మా పని సులువయ్యేది.

ఈ గొడవంతా ఆయన తెచ్చిన పటాలతోనే మొదలైంది. ఏదో పెద్ద సభకి వెళ్ళొచ్చాడట. పర్యావరణాన్ని కాపాడడం కూడా మతధర్మమేనని పిల్లలకి చిన్నప్పుడే నేర్పాలని అక్కడ అనుకున్నారట. రంగురంగుల పటాలు అచ్చువేయించి పైగది గోడలకి పెట్టించాడు. ఒకదాంట్లో చెట్టు, ఒకదాంట్లో పిట్ట, ఒకదాంట్లో కారుతున్న కుళాయి, దాని మీద ఎర్రగా అడ్డగీతలు. అన్నిటికీ పైన ఒకటే మాట: భూమి అమానతు. అన్నిటికీ కింద ఫ్యాక్టరీ పేరు.

నేను పటాల్ని చూసి మూతి తిప్పుకున్నాను. మా ఆయన మాత్రం మనసు పెట్టేశాడు. అమానతు అంటే ఒకరు నమ్మి మన చేతిలో పెట్టిన వస్తువు. అడిగినప్పుడు ఎలా ఇచ్చారో అలాగే తిరిగివ్వాలి. భూమీ అంతే, నీళ్ళూ అంతే. పారే నది ఒడ్డున కూర్చున్నా వుజూకి అవసరానికి మించి నీళ్ళు వాడకూడదని ప్రవక్త నేర్పాడని చెప్పేవాడు. చెప్పడంతో ఆగాడా? చిన్న చెంబు తెచ్చి, ఆ చెంబుడు నీళ్ళతోనే వుజూ మొత్తం చేసి చూపించాడు, ఇంకా అడుగున గుక్కెడు మిగిలాయి. పిల్లలు నోళ్ళు వెళ్ళబెట్టి చూశారట.

తరవాత చూడాలి వీధి వైభోగం. పిల్లలు కుళాయిల దగ్గర కాపలా కాయడం మొదలుపెట్టారు. ఒక ముసలాయన ఉన్నాడు, ఒకప్పుడు ఎక్కడో వాచ్‌మన్, ఇప్పుడు పనీపాటా లేదు. కుళాయి తిప్పి వదిలేసి, పక్కవాడితో లోకాభిరామాయణమంతా మాట్లాడి, అప్పుడు ముఖం కడుక్కునే రకం. కుళాయి తాత అంటారు. ఆయన కళ్ళు మూసుకుని ముఖానికి నీళ్ళు కొట్టుకుంటూ ఉంటే మా 'అయితే' వెళ్ళి కుళాయి కట్టేసింది.

"ఎవరే అది, నీళ్ళాపింది?" అని తాత కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"నేనే తాతా. అమానతు అది."

"అమానతో గిమానతో, సబ్బు కళ్ళలోకి పోతోందే."

"అయితే వుజూకి సబ్బెందుకు తాతా?"

నేను కిటికీలోంచి చూసి నవ్వలేక చచ్చాను. రంగులాయన కూడా అక్కడే ఉన్నాడు. ఆయనా నవ్వాడు. మర్నాడే పిల్లలందరికీ చొక్కాకి పెట్టుకునే బిళ్ళలు పంపాడు, ఆకుపచ్చ రంగువి. 'నీటి కాపరి' అని రాసున్నాయి. మాది దాన్ని నిద్రలో కూడా తీసేది కాదు.

అంతవరకూ బాగానే ఉంది. ఆ తరవాతి పాఠం పటాల్లోది కాదు. మా ఆయన ఏటా చెప్పే పాత పాఠమే. ఎలాంటి నీళ్ళతో వుజూ చెల్లుతుంది, ఎలాంటి నీళ్ళతో చెల్లదు అని. మూడు గుర్తులు చూడాలి. రంగు, రుచి, వాసన. బయటి వస్తువేదో కలిసి ఆ మూడింట్లో ఏ ఒక్కటి మారినా ఆ నీళ్ళు వుజూకి పనికిరావు. ప్రతి ఏడూ పిల్లలు ఆ మూడు మాటలూ బట్టీపట్టి, అప్పజెప్పి, మరిచిపోయి సుఖంగా ఉండేవారు. ఈసారి మా ఆయనకి కొత్త ఉత్సాహం పట్టింది. చేసి చూపిస్తేనే పిల్లల బుర్రకెక్కుతుందని కదా సభలో అనుకున్నారు? "రేపు అందరూ ఇంటి దగ్గర్నించి ఒక్కో గ్లాసు మంచినీళ్ళు పట్టుకురండి. గాజు గ్లాసులో తేవాలి" అన్నాడు.

పొరపాటంతా ఆ గాజు దగ్గరే జరిగింది. మా వీధిలో అందరిళ్ళలోనూ స్టీలు గ్లాసులు, స్టీలు బిందెలు. స్టీలు గ్లాసులో నీళ్ళకి రంగు ఉండదు. గ్లాసు రంగే నీళ్ళ రంగు. బట్టల బకెట్లో చూస్తాం, అవి బట్టల నీళ్ళు అనుకుంటాం. అదే బోరు నీళ్ళు గుడ్డలో వడకట్టి బిందెలో పోసుకుని, అవి మంచినీళ్ళు అనుకుంటాం. ఇన్నేళ్ళుగా ఆ రెండూ ఒకటేనని తెలియనివాళ్ళు ఎవరూ లేరు, పైకి అన్నవాళ్ళూ ఎవరూ లేరు. పిల్లలు అప్పు తెచ్చో, చుట్టాలకోసం దాచిన అలమారాలోంచి తీసో, గాజు గ్లాసులు పట్టుకెళ్ళారు. వాటిని పైగది కిటికీ గట్టు మీద వరసగా పెట్టారు. వెనకనుంచి ఎండ పడుతోంది.

అది నీలం వారం.

నేను టీ ఇవ్వడానికి పైకెళ్ళాను. మా ఆయన గ్లాసుల ముందు నుంచుని ఉన్నాడు. నీలం అంటే ముదురు నీలం కాదు. ఉందా లేదా అనిపించేంత నీలం. కానీ అన్ని గ్లాసులు ఒకే వరసలో ఉన్నప్పుడు, వెనకనుంచి ఎండ తగులుతున్నప్పుడు, ఉందా లేదా అనడానికి లేదు. మూలన ఉన్న గ్లాసులో పైన సన్నటి చమురు తెట్టులా ఏదో తిరుగుతోంది. ఆ గ్లాసు మాదే.

"అయితే నాన్నా, రంగు మారింది కదా" అంది మా పిల్ల.

"మారింది."

"అయితే దీంతో వుజూ చెల్లదు."

"చెల్లదు తల్లీ" అన్నాడు.

"అయితే ఇన్నాళ్ళు మనం చేసిన నమాజులు?"

"తెలియక చేసినదాన్ని దేవుడు మన్నిస్తాడు."

"అయితే ఇప్పుడు తెలిసిపోయింది కదా?"

పిల్లలు ఆయన ముఖంలోకే చూస్తున్నారు. ఆయన మెల్లగా, నీళ్ళు దొరకనప్పుడు ఏం చేయాలో కూడా దేవుడు చెప్పాడనీ, శుభ్రమైన మట్టి మీద అరచేతులు ఆనించి ముఖానికీ చేతులకీ తుడుచుకుంటే చాలనీ, దాన్ని తయమ్ముమ్ అంటారనీ చెప్పాడు. పాఠం కాబట్టి చెప్పాడు. మా పిల్ల మాత్రం ఇంకో ప్రశ్న మిగుల్చుకుంది. ఇంటికొచ్చి బిందె ముందు కూర్చుని అడిగింది: "అయితే అమ్మా, వీటిని మంచినీళ్ళు అని ఎందుకంటున్నాం?" వెళ్ళి చదువుకోమని కసిరాను.

శుక్రవారం వచ్చింది. జుమా నమాజుకి వీధంతా మసీదులోనే ఉంటుంది. నేను కిటికీ దగ్గర ఉన్నాను. కుళాయిల దగ్గర మగవాళ్ళు వరసగా కూర్చున్నారు, రంగులాయన కూడా. పిల్లలు బిళ్ళలు పెట్టుకుని వచ్చారు, కుళాయిల్ని దాటి వాకిట్లో ఉన్న మట్టి నేల దగ్గరికి వెళ్ళి, అందరూ ఒక్కసారిగా అరచేతులు నేలకి ఆనించారు. ముఖాలు తుడుచుకున్నారు. చేతులు తుడుచుకున్నారు. ఎవరూ నవ్వలేదు. మా పిల్ల వాళ్ళందరికంటే ముందుంది.

"ఏమిటే ఇది, ఇన్ని కుళాయిలుండగా మట్టెందుకు?" అన్నాడు కుళాయి తాత.

"ఈ నీళ్ళకి రంగుంది తాతా. రంగు మారితే చెల్లదు. నాన్న చెప్పాడు."

తాత చేతిలోకి నీళ్ళు పట్టుకుని ఎండలో చూశాడు. ఎంతసేపు చూశాడో. తరవాత వాటిని జాగ్రత్తగా కింద పారబోసి, మోకాళ్ళు పట్టుకుని లేచి, పిల్లల పక్కకి వచ్చి వంగి మట్టి మీద చేతులు ఆనించాడు. ఆయన వెనక ఇంకొకరు. ఆ వెనక ఇంకొకరు. కాసేపటికి కుళాయిల దగ్గర రంగులాయన ఒక్కడే మిగిలాడు. చేతులు తడిగా ఉన్నాయి, నీళ్ళు మోచేతుల మీంచి కారుతున్నాయి.

ఆయనకి కోపం రాలేదు. లేచి కుళాయి కట్టేశాడు, గట్టిగా, చుక్క కూడా కారకుండా. "పిల్లలు బాగా నేర్చుకున్నారు హజ్రత్, మాషా అల్లా" అని లోపలికెళ్ళి అందరితో కలిసి నమాజు చేశాడు.

ఆ రోజు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. మా ఆయన నోట్లో నాలుక లేని మనిషని మావాళ్ళంతా అంటారు. ఆ మనిషి చెప్పిన ఒక్క పాఠానికి వీధి వీధంతా వంగి మట్టి ముట్టుకుంది. ఇక బోరు సంగతి తేలుతుందనుకున్నాను. ఎవరైనా వచ్చి నీళ్ళు పరీక్ష చేస్తారు, ఫ్యాక్టరీ మురుగు ఎక్కడికి పోతోందో అడుగుతారు అనుకున్నాను. ఎంత పిచ్చిదాన్నో.

మర్నాడు ఫ్యాక్టరీ గేటు మూసేశారు. గేటుకి కాగితం ఒకటి అంటించారు. వీధి ప్రజలు నీటి విషయంలో అనుమానం వ్యక్తం చేసినందువల్ల, ఆ అనుమానం తీరేదాకా పని ఆపేస్తున్నామని. ఎవరినీ తిట్టలేదు, ఎవరినీ తీసేయలేదు. అనుమానం తీరేదాకా అంతే.

ఆ సాయంత్రమే మా తమ్ముడు వచ్చాడు. గుమ్మంలోనే కూర్చున్నాడు.

"బావా, నువ్వు చెప్పింది నిజమే" అన్నాడు.

"నిజమేరా."

"నిజమని అందరికీ తెలుసు బావా. తొట్టెలు కడిగిన నీళ్ళు ఎక్కడికి వదులుతామో వదిలేవాణ్ణి నాకు తెలీదా? నిన్ను చెప్పమని ఎవరడిగారు?"

నాకు ఒళ్ళు మండింది. "ఒరేయ్, నీ చంటిది కూడా ఆ నీళ్ళే తాగుతోందిరా" అన్నాను.

"అక్కా, నీళ్ళలో రంగుంటే వడకట్టుకుంటాం. పొయ్యిలో పిల్లి లేవకపోతే ఏం వడకట్టుకోవాలి?" అన్నాడు వాడు, నా వైపు చూడకుండా. వాడి చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. పని లేకపోయినా రంగు పోలేదు.

వాడి తరవాత ఒక్కొక్కరే. మగవాళ్ళు మసీదులో పట్టుకున్నారు, ఆడవాళ్ళు నా వంటింట్లో పట్టుకున్నారు. రంగులాయన మాత్రం రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు, ఒక్క మాట కబురు చేయలేదు. ఆయనకి రావలసిన అవసరమేముంది? ఆయన తరఫున మేమే సరిపోయాం. మూడిళ్ళ అవతల ఉండే ఇస్త్రీ ఆవిడ వచ్చింది. ఆవిడ కూతురికి ఒళ్ళంతా దద్దుర్లు, ఏ మందుకీ తగ్గవు. ఆ పిల్లని చంకన వేసుకునే వచ్చింది.

"ఇది ఆ నీళ్ళ వల్లేనని నాకు తెలుసమ్మా" అంది. "అయినా నీళ్ళు బాగానే ఉన్నాయని ఒక్క మాట చెప్పమను హజ్రత్‌ని. మా ఆయన ఇంట్లో కూర్చుని పిచ్చెక్కి తిరుగుతున్నాడు."

టీ ఇచ్చాను. ఆ నీళ్ళతోనే పెట్టిన టీ.

మా ఆయన తన గురువుగారికి ఫోన్ చేశాడు. పండు ముసలి ఆయన, మాట సరిగా వినపడదు, రెండుసార్లు గట్టిగా చెప్పాల్సొచ్చింది. గురువుగారు అన్నదేమిటంటే, నీళ్ళు తాము పారే నేల వల్ల, మట్టి వల్ల, ఎక్కువకాలం నిలవుండడం వల్ల రంగు మారితే తప్పులేదు, వుజూ చెల్లుతుంది. వేరే వస్తువు కలిసి మారితే చెల్లదు. "ఏది కలిసిందో కళ్ళారా చూసుకో. చూడకుండా మాట్లాడకు" అన్నాడట. మా ఆయన వెళ్ళి చూసుకున్నాడు. ఫ్యాక్టరీ వెనక గోడ పక్కనే నడిచి, మురుగు గొట్టం ఎక్కడ గుంతలోకి దిగుతోందో అక్కడిదాకా వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి చీలమండల దాకా నీలం. నేను చెంబుతో నీళ్ళు పోస్తూ కాళ్ళు కడిగాను. ఎంత రుద్దినా గోళ్ళ పక్కన ఉండిపోయింది.

"ఇంకేముందండీ, చూశారుగా" అన్నాను. "ఉన్నదున్నట్టు చెప్పండి. ఈ రెండు గదులూ పోతే పోతాయి. నేను మూట సర్దుతాను. మీకు చదువు వచ్చు, నాకు కుట్టుపని వచ్చు. ఎక్కడైనా బతుకుతాం."

"మనం బతుకుతాం" అన్నాడు ఆయన. "నీ తమ్ముడు?"

ఆ మాట ఆయన అనకుండా ఉండాల్సింది. ఆయన కాళ్ళ మీద నీళ్ళు పోస్తూనే ఉన్నాను, చెంబు ఖాళీ అయిందని కూడా చూసుకోలేదు.

పైగదికి పిల్లలు రావడం మానేశారు. తల్లులు పంపడం లేదు. గోడల మీద పటాలు, కింద చాపలు, మధ్యలో మా పిల్ల ఒక్కతే. దాని చొక్కాకి బిళ్ళ అలాగే ఉంది. ఒక్కదానికే పాఠం చెప్పేవాడు మా ఆయన. అమానతు గురించే అడిగేది అది. అయితే నాన్నా, అమానతుని పాడుచేసినవాళ్ళని ఎవరు అడగాలి? అయితే అడగాల్సినవాళ్ళు అడక్కపోతే? ఆయన చెప్పే జవాబులు రోజురోజుకీ పొట్టివవుతున్నాయి. కిందనుంచి నాకు దాని గొంతు వినపడేది గానీ ఆయన గొంతు వినపడేది కాదు.

మళ్ళీ శుక్రవారం వచ్చింది. ఆయన ఉన్న చొక్కాల్లో కాస్త తెల్లగా ఉన్నది వెతుక్కుని తొడుక్కున్నాడు. అయినా అది నీలమే. మసీదు నిండిపోయింది. పిల్లలు తండ్రుల పక్కన కూర్చున్నారు. రంగులాయన ముందు వరసలో, ఎప్పటి చోటులోనే ఉన్నాడు. నేను కిటికీ దగ్గర నుంచున్నాను. మైకులో మా ఆయన గొంతు వచ్చింది.

"మట్టి వల్ల, నేల వల్ల రంగు మారిన నీళ్ళతో వుజూ చెల్లుతుంది" అన్నాడు. "దీనిలో ఏ సందేహమూ లేదు."

అంతే. మా నీళ్ళ మాట ఎత్తలేదు. మా వీధి, మా బోరు, ఆ గొట్టం, ఏదీ లేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం ఒక్క అక్షరం లేదు. ఎవరు పట్టుకెళ్ళి ఏ పండితుడికి చూపించినా నిజమే అంటాడు. మిగతాది వీధే పూరించుకుంది. ఒక్క నిట్టూర్పు వినపడింది నాకు, అందరి నోళ్ళలోంచీ కలిసి వచ్చినట్టు. నీలం మట్టి ఏ నేలలో ఉంటుందని ఒక్కడంటే ఒక్కడు అడగలేదు. ఎదురుగా నీలం చొక్కాతో నుంచున్నాడు మనిషి. ఎవరికీ కనపడలేదు. వచ్చే నమాజుకి అందరూ కుళాయిల దగ్గరికి చేరారు. కుళాయి తాత మాత్రం కాసేపు మట్టి దగ్గరా కాసేపు కుళాయి దగ్గరా తచ్చాడి, చివరికి ఓ పీట మీద కూర్చుని నీళ్ళు తిప్పుకున్నాడు. ఆరోజు ఎవరితోనూ మాట్లాడలేదు. తొందరగా కడుక్కుని లేచాడు.

మా ఆయన ఇంటికొచ్చి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పిల్ల వచ్చి ఎదురుగా కూర్చుంది, రోజూ కూర్చున్నట్టే. నాకు ప్రశ్న ముందే తెలిసిపోయింది. ఆయనకీ తెలుసు. ఆయన కళ్ళు తలుపు వైపు వెళ్ళాయి, ఎవరైనా వస్తే బాగుండునన్నట్టు. ఎవరూ రాలేదు.

"అయితే నాన్నా, మన నీళ్ళలో ఉన్నది మట్టేనా?"

మసీదులో అన్నేసి మంది ముందు తప్పించుకున్న మాట అది. ఇక్కడ తప్పించుకునే దారి లేదు. ఆయన నీళ్ళు నమిలాడు. నాకు తెలిసి ఆ మాట ఇంతకంటే సరిగ్గా ఎవరికీ సరిపోలేదు. ఏ రంగు నీళ్ళో కూడా చెప్పగలను. తెలియదను, దేవుడా, తెలియదనైనా అనిపించు అని మనసులో మొక్కుకున్నాను. ఎప్పుడూ అనే మాటే కదా.

"మట్టే తల్లీ" అన్నాడు ఆయన.

పిల్ల ఆయన కాళ్ళ వైపు చూసింది. గోళ్ళ పక్కన ఉన్న నీలం వైపు. మళ్ళీ ముఖంలోకి చూసింది. అది ఇంకొక ప్రశ్న వేస్తుందని నేను ఎదురుచూశాను. వెయ్యవే, వదలకే, నీ నోటికి ఇప్పుడేమైందే అని నా ప్రాణం కొట్టుకుంది.

"సరే నాన్నా" అంది.

లేచి వెళ్ళి చొక్కాకున్న బిళ్ళ తీసి, అలమారాలో నా సూదులడబ్బాలో పెట్టింది. విసిరికొట్టలేదు. పారేసినా బాగుండేది.

ఫ్యాక్టరీ తెరిచారు. తమ్ముడి చేతులకి కొత్త రంగు వచ్చింది. నా కడుపున పుట్టినదాన్ని ఓడించి నా తోడబుట్టినవాణ్ణి గెలిపించాడు మా ఆయన, ఇక ఆయన్ని నేను ఏ నోటితో తిట్టను? అయినా తిడుతూనే ఉన్నాను, లోపల్లోపల. పిల్లలందరూ మళ్ళీ పైగదికి వస్తున్నారు. పాఠం బాగా సాగుతోంది. భూమి అమానతు అని ఒకే గొంతుతో అరుస్తారు, కిందకి వినపడుతుంది. మా పిల్ల వెనక వరసలో కూర్చుంటుందట. బుద్ధిమంతురాలైందని వీధిలో అందరూ మెచ్చుకుంటున్నారు. ఎదురు ప్రశ్న వేయడం మానేసిందట, చెప్పింది చెప్పినట్టు వింటుందట. దాన్ని 'అయితే' అని పిలవడం కూడా ఒక్కొక్కరే మానేశారు. అసలు పేరుతో పిలుస్తుంటే ఎవరినో పిలుస్తున్నట్టుంది నాకు.

మొన్న రంగులాయన పిల్లలకి బహుమతులు పంపాడు. నీళ్ళు పొదుపుగా వాడడం నేర్చుకున్నందుకట. తలా ఒక స్టీలు గ్లాసు. దాని మీద ఆకు బొమ్మ చెక్కించి ఉంది, కింద ఫ్యాక్టరీ పేరు. పగలవు, పిల్లల చేతికి మంచివి అని అందరూ సంబరపడ్డారు.

మా పిల్ల దానిది తెచ్చుకుని, బిందెలోంచి నీళ్ళు ముంచుకుంది. అది గులాబీ వారం. గ్లాసుని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి ఎండలో పట్టుకుని, అటు వంచి ఇటు వంచి చాలాసేపు చూసింది. తరవాత తండ్రి దగ్గరికి వచ్చింది. ఆయన లేత నీలం చొక్కా తొడుక్కుని రేపటి పాఠం చూసుకుంటున్నాడు.

"నాన్నా, ఇందులో మట్టి లేదు" అంది. అని, ఆయన ఎదురుగానే నుంచుని గుక్క తిప్పుకోకుండా మొత్తం తాగేసింది.

ఆయన తలెత్తలేదు. పిల్ల గ్లాసు కడిగి, కుళాయి గట్టిగా కట్టేసి, ఆడుకోవడానికి వెళ్ళిపోయింది. అది తండ్రిని వెక్కిరించిందో, నిజంగానే నమ్మిందో నాకు తెలియలేదు. అడగలేదు. వెక్కిరించే ఉంటుందని అనుకుంటూ బతుకుతున్నాను.